పడవ ఇంజనుకు విమాన పెట్రోలు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం 1982 డిసెంబరు 17 నాటి నకారా తీర్పును తలుచుకుంటాం. డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఆ సంగతులన్నీ నాకంటే బాగా తెలిసిన మిత్రులు ఇప్పటికే చెప్పారు. కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు వేరే ఏదైనా కొత్త సంగతి చెప్పండి, పిల్లలు కూడా వింటారు" అన్నారు. నేను ఎంచుకున్న విషయం పందెం పడవల ఇంజన్లలో విమాన పెట్రోలు వాడటం. మీరు నవ్వుతున్నారు. పాలకీడు మనిషికి విమానమెందుకు, పందెం పడవెందుకు అనుకుంటున్నారు. నేను ముప్పై ఆరేళ్లు రెవెన్యూలో కాగితాలు రాసినవాడిని, ఇంజనీరును కాను. అయినా ఈ విషయానికి చివర నా సొంత లెక్క ఒకటి ఉంది. పాతికేళ్లు దాటిన బాకీ. అది మీ ముందు చెల్లించుకుందామనే ఈ విషయం తీసుకున్నాను. కాసేపు ఓపిక పట్టవలసిందిగా మనవి.

2018 నవంబరులో, 16 నుంచి 18 వరకు, విజయవాడ దగ్గర కృష్ణలో ఎఫ్1హెచ్2ఓ అనే ప్రపంచ స్థాయి పడవ పందెం జరిగింది. కార్లకు ఫార్ములా వన్ ఎట్లాగో, మోటారు పడవలకు అది అట్లా. అమరావతి పేరు మీద జరిపారు. మా అమ్మాయి విజయవాడలోనే ఉంటుంది. మనవడు అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. "తాతా, నువ్వు రావాల్సిందే" అని పట్టుబట్టాడు. పున్నమి ఘాట్ దగ్గర జనంలో నిలబడి చూశాను. ఆ నీళ్లు మనకు కొత్తవి కావు. మన మహంకాళిగూడెం ముందు నుంచి, మట్టపల్లి స్వామి పాదాల కింద నుంచి పోయిన నీళ్లే అక్కడికి చేరతాయి. చిన్నప్పటి నుంచి ఆ నది మీద పుట్టిని చూశాం, బల్లకట్టును చూశాం. ఆ రోజు చూసింది మాత్రం వేరు.

పడవ ఆరు మీటర్ల పొడవు. ఇంజనుతో కలిపి నాలుగు క్వింటాళ్లకు లోపే. వేగం అందుకున్నాక అడుగు భాగం నీటిని అంటీ అంటనట్టు ఉంటుంది. గంటకు 250 కిలోమీటర్లు దాటగల పడవలు అవి. చెవులు మూసుకున్నా ఆ చప్పుడు ఆగదు. తేనెతుట్టె కదిలించినట్టు సన్నగా మొదలై గుండెల్లో దూరుతుంది. మా మనవడు సెల్‌ఫోన్‌లో చూసి లెక్కలు చదివాడు: ఆరు సిలిండర్ల మెర్క్యురీ ఇంజను, రెండున్నర లీటర్ల పరిమాణం, నాలుగు వందల గుర్రాల శక్తి, నిమిషానికి 10,500 చుట్లు. "తాతా, ఇది టూ స్ట్రోకు ఇంజను. మన పాత స్కూటర్ల మాదిరే. దీంట్లో పోసేది విమానం పెట్రోలట. గంటకు 120 లీటర్లు తాగుతుంది" అన్నాడు.

గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? 120 లీటర్లు అనగానే మనసులో భాగహారం చేశాను. ఒకప్పుడు నేను వరద డ్యూటీలో ఒక పడవకు రాసిన ఇండెంటు 40 లీటర్లు. ఆ పెట్రోలు ఈ పడవకు 20 నిమిషాలు వస్తుంది. "నువ్వు ఎప్పుడన్నా పడవ ఇంజను దగ్గరనుంచి చూశావా తాతా?" అని వాడు అడిగాడు. చూశానన్నాను. ఆ మీద ఏం చెప్పలేదు. ఆ సంగతికి తరువాత వస్తాను.

ముందు ఈ విమాన పెట్రోలు అంటే ఏమిటో చెబుతాను. ఇక్కడ చాలామంది పొరబడతారు, నేనూ పొరబడ్డాను. విమానంలో పోసే ఇంధనం ఒకటే రకం కాదు. శంషాబాదులో దిగే పెద్ద జెట్ విమానాల్లో పోసేది ఎ.టి.ఎఫ్. అది కిరోసిన్ జాతి. బాగా శుద్ధి చేసిన కిరోసిన్ అనుకోండి. పైలట్ శిక్షణకు వాడే చిన్న విమానాలు ఉంటాయి, ముందు ఫ్యాను తిరిగేవి. వాటిలో మన మోటారు సైకిలు మాదిరి పిస్టను ఇంజను ఉంటుంది. వాటిలో చాలావాటికి కావలసింది అసలైన పెట్రోలు, దాన్ని ఏవ్‌గ్యాస్ అంటారు. ఎక్కువగా వాడే రకం పేరు 100 ఎల్.ఎల్. మన దేశం చాలాకాలం దీన్ని బయటి నుంచి తెప్పించుకుంది. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ వారు గుజరాత్ రిఫైనరీలో తయారైన దాన్ని విడుదల చేశారు.

పందెం పడవలో పోసింది ఈ రెండో రకం. మొదటి రకాన్ని పోస్తే ఏమవుతుంది? పెట్రోలు ఇంజనులో కిరోసిన్ పోస్తే ఏమవుతుందో అదే అవుతుంది. పొగ కక్కుతుంది, లోపల కొట్టుకుంటుంది, చివరికి పాడవుతుంది. పేరు ఒకటే అయినా సరుకు వేరు. "విమానం" అనే మాట తగిలించగానే ఏదో అమృతం అనుకోవడం మన బలహీనత.

ఇక పందెపు వారు దాన్ని ఎందుకు కోరుకుంటారు? మూడు కారణాలు. మొదటిది ఆక్టేన్. సిలిండరులో పెట్రోలు ఆవిరిని, గాలిని పిస్టను అదిమి పెడుతుంది. స్పార్కు ప్లగ్గు నిప్పు రవ్వ వేసినప్పుడు మంట ఒక పద్ధతిగా వ్యాపించాలి. తక్కువ రకం పెట్రోలయితే, అదుముడు ఎక్కువైనప్పుడు మంట చేరని మూల తనకు తానే భగ్గుమంటుంది. మెకానిక్కులు నాకింగ్ అంటారు, సుత్తితో కొట్టినట్టు వినిపిస్తుంది. కాసేపటికి పిస్టను నెత్తిన బొక్క పడుతుంది. ఆ పేలుడును తట్టుకునే గుణానికి కొలత ఆక్టేన్. పందెం ఇంజను మామూలు ఇంజను కంటే ఎక్కువ అదుముతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. దానికి ఆ ఓర్పు గల పెట్రోలు కావాలి.

రెండో కారణం, ఏవ్‌గ్యాస్ ఏ దేశంలో కొన్నా ఒకే కొలతకు తయారవుతుంది. పందెం ఈ వారం ఒక దేశంలో, వచ్చే నెల మరో దేశంలో. ఊరూరి బంకు పెట్రోలును నమ్ముకుంటే ఇంజను రోజుకో రకంగా నడుస్తుంది. మూడో కారణం, దాంట్లో ఇథనాలు కలపరు, అది త్వరగా చెడదు. ఇప్పుడు మనం కొనే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది. ఇథనాలు నీటి తేమను పీల్చుకుంటుంది. చాలా రోజులు కదలకుండా ఉన్న ట్యాంకులో తేమ ఎక్కువైతే నీరు, ఇథనాలు కలిసి విడిపోయి అడుగున చేరతాయి. పాత రబ్బరు గొట్టాలను కూడా అది తినేస్తుంది. నీళ్ల మీద ఉండే పడవకు ఇది పెద్ద బాధ. మీ ఇళ్లలో పాత స్కూటరు షెడ్డులో పెట్టి, ఏడాదికొకసారి దసరాకు తుడిచేవారు ఉంటే, ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకండి. ఇది నా ఉచిత సలహా.

ఇంత చెప్పాక ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆక్టేన్ ఎక్కువైతే శక్తి ఎక్కువ రాదు. అదుముడు తక్కువ ఉన్న మామూలు ఇంజనులో విమాన పెట్రోలు పోస్తే అది అదనంగా ఒక్క గుర్రం శక్తి కూడా ఇవ్వదు. పైగా ఏవ్‌గ్యాస్ మామూలు పెట్రోలు కంటే కాస్త తేలిక. కార్బురేటరులో జెట్టు సరిచూసుకోకపోతే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయి ఇంజను వేడెక్కుతుంది. ఎనభై రూపాయల చెప్పులు వేసుకున్నవాడికి ఎనిమిది వేల రూపాయల పాలిష్ పెట్టినట్టు ఉంటుంది.

మా మనవడికి ఈ మాట చెవికెక్కలేదు. పందెం చూసివచ్చిన మరుసటి నెలలో పాత యమహా ఆర్.ఎక్స్. 100 ఒకటి సంపాదించాడు. ఆ బండి తయారీ 1996లోనే ఆగిపోయినా కుర్రాళ్లకు దాని మీద మోజు తగ్గలేదు. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు సంచిలోంచి ఒక సీసా తీశాడు. లోపల నీలం రంగు ద్రవం. "తాతా, విమానం పెట్రోలు. తెలిసినవాళ్ల దగ్గర కొన్నా. విమానం పెట్రోలు నీలంగానే ఉంటదట" అన్నాడు. ఆ మాట వరకు నిజమే. 100 ఎల్.ఎల్.కు నీలం రంగే కలుపుతారు. అయితే మనవాళ్లకు నీలం రంగుది ఇంకొకటి బాగా తెలుసు. రేషను కిరోసిన్‌కు కూడా నీలం రంగే కలిపేవారు, ఎవరూ దొంగతనంగా పెట్రోలులోనో డీజిలులోనో కలపకుండా.

నేను సివిల్ సప్లయిస్ సీట్లో మూడేళ్లు కూర్చున్నవాడిని. కిరోసిన్ డీలర్ల డ్రమ్ముల మధ్య తిరిగి ఆ వాసన నా చొక్కాలకు పట్టి, మా ఇంటావిడ విడిగా ఉతికేది. మూత తీయగానే తెలిసిపోయింది. వాడికి నమ్మకం కలగాలని పొయ్యికి దూరంగా, పెరట్లో తెల్ల కాగితం పరిచి, ఒక పక్క బంకు పెట్రోలు రెండు చుక్కలు, ఇంకో పక్క సీసాలోది రెండు చుక్కలు వేయించాను. పెట్రోలు చుక్క కాసేపట్లో ఆవిరై మరక లేకుండా పోయింది. రెండోది జిడ్డు మరకగా గంట తరువాత కూడా ఉండిపోయింది. వాడు ఏమీ అనకుండా సీసా పట్టుకుపోయి చెత్త కాల్చే గుంట దగ్గర పారబోయబోయాడు. అక్కడ వద్దని కేకేసి ఆపాను. చివరికి అది మా పొరుగింటి కిరోసిన్ స్టవ్వుకు పనికొచ్చింది.

అది నిజమైన విమాన పెట్రోలు అయి ఉంటే ఇంకో ప్రమాదం ఉండేది. దాంట్లో సీసం ఉంటుంది. సీసపు సమ్మేళనాన్ని పెట్రోలులో కలిపితే నాకింగ్ తగ్గుతుందని 1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్జ్‌లీ కనిపెట్టాడు. డెబ్బై ఎనభై ఏండ్లు ప్రపంచమంతా ఆ పెట్రోలే కాల్చింది. ఆ సీసం గాలిలో కలిసి పిల్లల మెదడుకు హాని చేస్తుందని తేలాక ఒక్కొక్క దేశం మానేసింది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి బంకుల్లో సీసం లేని పెట్రోలే. 2021లో అల్జీరియా కూడా మానేయడంతో ప్రపంచంలో రోడ్డు బండ్లకు సీసపు పెట్రోలు ముగిసింది. చిన్న విమానాలకు మాత్రం మిగిలింది. 100 ఎల్.ఎల్. పేరులోని రెండు ఎల్.లకు అర్థం "తక్కువ సీసం" అని. తక్కువ అంటే అంతకు ముందటి విమాన పెట్రోలుతో పోలిస్తే తక్కువ. లీటరుకు అర గ్రాము పైచిలుకు దాకా ఉండవచ్చు. సీసం లేని 100 ఆక్టేన్ విమాన పెట్రోలు ఒకదానికి 2022లో అమెరికా విమానయాన శాఖ ఆమోదం ఇచ్చింది. అట్లాంటి పెట్రోలుతో కుర్రాళ్లు చేతులు కడుక్కోవడం, గొట్టం నోట పెట్టి పీల్చడం చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. మన కాలంలో స్కూటరు మెకానిక్కులు సీసపు పెట్రోలుతోనే సామాను కడిగేవారు. పక్కన పిల్లలు ఆడుకునేవారు. అప్పుడు మనకు తెలియదు.

ఇప్పుడు రంగు సంగతి. విమాన పెట్రోలుకు రంగు వేయడం అందానికి కాదు. ఒక రకానికి ఎరుపు, ఒకదానికి ఆకుపచ్చ, ఈ రకానికి నీలం. జెట్ కిరోసిన్‌కు రంగు కలపరు. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే ఆకాశంలో ఇంజను ఆగిపోతుంది, అక్కడ పక్కకు ఆపుకోవడానికి రోడ్డు లేదు. అందుకని చిన్న విమానం ఎక్కబోయే పైలట్ ముందుగా ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలు గాజు గొట్టంలోకి తీసి, వెలుగుకు ఎత్తి చూస్తాడు. రంగు సరిగా ఉందా, నీరు చేరిందా అని. ఎంత అనుభవం ఉన్నవాడైనా చూడవలసిందే. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను.

టూ స్ట్రోకు ఇంజనుకు మన కారు ఇంజనుకు ఉన్నట్టు అడుగున నూనె తొట్టి ఉండదు. పెట్రోలే ఇంజను కడుపులో నుంచి పోతుంది. కాబట్టి ఆ పెట్రోలులోనే 2టి నూనె కలపాలి, లేదా వేరే పంపు ద్వారా నూనె అందాలి. పిస్టనుకు, బేరింగులకు తడి ఇచ్చేది ఆ నూనె ఒక్కటే. లూనా నడిపినవారికి తెలుసు, బంకులో పెట్రోలు పోసి పక్కన చేతి పంపుతో నూనె కొట్టేవారు. మీరు ఎంత గొప్ప పెట్రోలైనా పోయండి, విమానానిదే పోయండి, దాంట్లో నూనె లేకపోతే ఇంజనుకు అది విషమే. 50కి 1 పాలు కలపాలంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. 20 లీటర్ల డబ్బాకు 400 మిల్లీలీటర్లు. అంటే కొద్దిపాటి నూనే.

1998 అక్టోబరులో కృష్ణకు పెద్ద వరద వచ్చింది. నేను అప్పుడు ఏటి ఒడ్డు మండలం ఒకదానిలో సీనియర్ అసిస్టెంటును. ఏ మండలమో చెప్పను, అక్కడ పనిచేసిన మిగతావారికి దీనితో సంబంధం లేదు. పొలాల మోటార్లు తెచ్చుకుందామని కొందరు, గొర్రెలతో కొందరు ఒక దిబ్బ మీదికి వెళ్లారు. చుట్టూ నీరు వచ్చింది. పై నుంచి ఒక ఫైబరు పడవ, దాని వెనక తగిలించే 25 గుర్రాల మోటారు వచ్చాయి. నడిపేవాడు రోజు కూలీ మీద ఉన్న మనిషి. ఏటి ఒడ్డునే పుట్టి పెరిగినవాడు. పెట్రోలు, నూనె, దాని లెక్క నా బాధ్యత.

నలభై లీటర్లు, రెండు తెల్ల ప్లాస్టిక్ డబ్బాల్లో. మొదటి డబ్బాలో నూనె కలిపించాను. రెండో డబ్బా వేళకు బంకులో 2టి నూనె అయిపోయింది. దుకాణంలో డబ్బీ కొని కలుపుదాంలే అనుకుని, రెండు డబ్బాలూ జీపులో వేయించాను. కొన్నాను కూడా. డబ్బీ నా సంచిలోనే ఉంది. ఒడ్డుకు చేరేసరికి కలెక్టరేటు నుంచి ఫోను, వరద పరిస్థితి రిపోర్టు వెంటనే పంపమని. నేను పంచాయతీ ఆఫీసులో కూర్చుని రిపోర్టు రాస్తున్నాను. పడవ నడిపే అతను వచ్చి రెండు డబ్బాలు తీసుకుపోయాడు. డబ్బా మీద చీటీ అంటించలేదు. ఫైలు మీద చీటీ లేకపోతే అటెండరును కోప్పడే మనిషిని నేను.

మొదటి రెండు విడతలు బాగానే జరిగాయి. మూడో విడతలో, సాయంత్రం చీకటి పడుతుండగా, ఖాళీ అయిన ట్యాంకులో రెండో డబ్బా పోశారు. పడవలో ఏడుగురు. అందులో ఒక తల్లి, చంకలో పిల్ల. దిబ్బ నుంచి బయలుదేరిన పది పదిహేను నిమిషాలకు, నట్టేట్లో, ఇంజను కీచుమని పట్టేసింది. తాడు లాగితే కదలలేదు. పడవ తెడ్లకు లొంగలేదు. అడ్డంగా తిరిగి కిందికి కొట్టుకుపోయింది. ఒడ్డున మేం చేయగలిగింది అరవడం తప్ప ఏం లేదు. నా సంచిలో నూనె డబ్బీ ఉన్నట్టు అప్పుడు గుర్తొచ్చింది. మోకాళ్లలో సత్తువ పోయింది.

రెండు కిలోమీటర్ల కింద మునిగిన తుమ్మచెట్ల కొమ్మల్లో పడవ చిక్కుకుంది. చేపలు పట్టే ఇద్దరు పుట్టి వేసుకుని, టార్చిలైటు వెలుగులో, మూడు విడతలుగా అందరినీ ఒడ్డుకు చేర్చారు. ప్రాణాలన్నీ దక్కాయి. ఆ ఇద్దరికి ఇంజనూ లేదు, పెట్రోలూ లేదు, ఇండెంటూ లేదు.

తరువాత విచారణ జరిగింది. ఇంజను ఎందుకు పట్టేసింది? నూనె కలపని పెట్రోలు వల్ల. ఎవరు కలపాలి? ఆ ప్రశ్న గదిలో కాసేపు నిలబడింది. నడిపే అతను నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను. నా మీద మెమో వస్తుంది, ఇంక్రిమెంటు ఆగుతుంది, పెద్దమ్మాయి పెండ్లి దగ్గరలో ఉంది. ఇవన్నీ నా మనసులో తిరిగాయి. నోట్ ఫైలు రాయవలసిందీ నేనే. "ఇంధనము సరిచూసుకొనుటలో పడవ నడుపు వ్యక్తి అశ్రద్ధ కనబరచినట్లు తెలియవచ్చుచున్నది" అని నా చేతితో రాశాను. మంచి భాష. పై అధికారి సంతకం అయింది. మరుసటి నెల నుంచి అతన్ని పనికి రావద్దన్నారు.

నేను 2008లో రిటైరయ్యాను. శాలువా కప్పారు, నిజాయితీపరుడన్నారు. డబ్బు విషయంలో అది అబద్ధం కాదు, ఎవరి దగ్గరా చేయి చాచలేదు. కానీ ఆ రోజు శాలువా కింద నాకు చెమట పట్టింది. పదేళ్ల తరువాత పున్నమి ఘాట్‌లో ఆ ఇంజన్ల చప్పుడు విన్నప్పుడు, నట్టేట్లో కీచుమన్న చప్పుడే విన్నాను. 2019 సంక్రాంతి వెళ్లాక అతన్ని వెతుక్కుంటూ పోయాను.

ఇంటి ముందు కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి మంచం వేశాడు, చాయ్ తెప్పించాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. నూనె డబ్బీ నా సంచిలో ఉండిపోయిందని చెప్పాను. అతను వల పక్కన పెట్టాడు.

"నాకు ఆ రోజే తెల్సు సారూ. మొదటి డబ్బా రంగుండె. రెండోది నీళ్లలెక్క ఉండె. చీకట్ల నేను సరిగ సూడలె. అది నా తప్పే. మీరు చెప్తరేమోనని కొన్నొద్దులు సూసిన. తర్వాత సూసుడు బంద్ చేసిన."

అంతే అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. 2టి నూనెకు కూడా రంగు కలుపుతారు, కలిపిందా కలపందా కంటికి తెలియాలని. అతను తాను చూడలేదని ఒప్పుకున్నాడు. ఒప్పుకోని వాడిని నేనొక్కడినే మిగిలాను.

రికార్డు సరిచేయిద్దామనుకున్నాను. ఆఫీసు మిత్రులను కనుక్కున్నాను. అది డి.డిస్. ఫైలు. మీకు తెలియనిది కాదు, డి.డిస్. అయితే పదేళ్లకు చించేస్తారు. నేను రాసిన వాక్యం పేపరు మిల్లుకు పోయింది. ఆ మనిషి పోయిన పని మాత్రం తిరిగి రాలేదు. చేతనైనంత డబ్బు ఇవ్వబోతే అతను తీసుకోలేదు. "పుట్టెక్కినోళ్ల కెవ్వలకన్న ఇయ్యిండ్రి" అన్నాడు. ఆ సాయంత్రం అందరినీ ఒడ్డుకు చేర్చిన ఇద్దరిలో ఒకరు అప్పటికే లేరు. రెండో ఆయన మనుమరాలి కాలేజీ ఫీజుకు నా పెన్షన్‌లోంచి ప్రతి ఏడాది కొంత పంపాను. ఆ అమ్మాయి చదువు పూర్తయింది. ఇది గొప్పగా చెప్పడం లేదు, లెక్క అంతా పెట్టాలి కాబట్టి చెబుతున్నాను.

ఫైలు లేదు కనుక ఈ సంచికలో అచ్చు వేయవలసిందిగా సంపాదకులను కోరాను. 1998 అక్టోబరు నాటి ఆ ఘటనలో తప్పు పడవ నడిపినతనిది కాదు, పెట్రోలు లెక్క చూసిన సీనియర్ అసిస్టెంటుది. ఆ సీనియర్ అసిస్టెంటును నేనే. ఈ వాక్యాన్ని ఆర్.డిస్. చేయండి.

పిల్లలకు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. విమాన పెట్రోలు అంటే ఎగబడకండి. ఆ పందెం పడవకు అది తగింది, ఎందుకంటే దాని ఇంజనును ఆ పెట్రోలుకు తగ్గట్టు సిద్ధం చేశారు, కలపవలసింది కొలిచి కలిపే మనుషులు దాని వెనక ఉన్నారు. మీ బండికి దాని పుస్తకంలో రాసిన పెట్రోలు, రాసిన నూనె చాలు. ఇంట్లో ఏ డబ్బాలో ఏది పోసినా, అది పెట్రోలు కానివ్వండి, పురుగు మందు కానివ్వండి, తాతగారి కళ్ల చుక్కల మందు కానివ్వండి, మీద చీటీ అంటించండి. వాడే ముందు వెలుగులో ఒకసారి చూడండి.

మన వయసు వారికి ఒక్క మనవి. ఇట్లాంటి చీటీ అంటించని డబ్బా ఒకటి మీ దగ్గరా ఉంటే, అవతలి మనిషి బతికి ఉండగానే వెళ్లి చెప్పండి. నేను ఇరవై ఏళ్లు ఆలస్యంగా వెళ్లాను. అయినా అతను చాయ్ ఇచ్చాడు.

భోజనాలు చల్లారుతున్నాయి.